గుండెకు లయ ఉండవచ్చునా?

సందేహం: మా నాన్నగారి ఈసీజీ చూసి విజయవాడ డాక్టరుగారు 'గుండె లయ తప్పింది' అన్నారు. లయమంటే నాశనం కదా, గుండెకు ఆ మాట వాడవచ్చునా? తాళం అనాలా, గతి అనాలా? (ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

సమాధానం: 'లీ' ధాతువుకు అంటుకోవడం, కరిగి కలిసిపోవడం అని అర్థం. నాశనమన్నది ఆ కలిసిపోవడంలోంచి వచ్చిందే. అమరకోశం రాసిన అమరసింహుడు 'తాలః కాలక్రియామానం, లయః సామ్యమ్' అన్నాడు. కాలాన్నీ క్రియనూ కొలిచేది తాళం, వాటి పొందిక లయ. ఇంతవరకు నిఘంటువు తిరగేస్తే దొరుకుతుంది.

అసలు రుచి శార్ఙ్గదేవుడి దగ్గర ఉంది. 13వ శతాబ్దపు సంగీతరత్నాకరంలో ఆయన లయను 'క్రియానంతర విశ్రాంతి' అన్నాడు. క్రియ అంటే తాళం వేసే చేతి పని. ఒక దెబ్బ పడ్డాక మరో దెబ్బ పడేదాకా ఉండే విశ్రాంతే లయ. చప్పుడులో కాదు, రెండు చప్పుళ్ల నడిమి ఎడంలో ఉందన్నమాట! వేగంగా సాగే ద్రుతంలోని విశ్రాంతికి రెట్టింపు మధ్యలయ, దానికి రెట్టింపు నెమ్మదిగా సాగే విలంబం. ఆదితాళం వేసి చూడండి: దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు. కొత్తగా నేర్చుకునే పిల్లలు దెబ్బ గట్టిగానే వేస్తారు, వేళ్ల దగ్గర తొందరపడతారు. లెక్క ఎనిమిదీ సరిపోతుంది, లయ మాత్రం పోతుంది.

ఇదే సూత్రం గుండెకు పట్టించండి. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో ఆవృత్తికి 0.8 సెకను పడుతుంది. జఠరికలు (గుండె కింది గదులు) ముడుచుకోవడానికి సుమారు 0.3, సడలి రక్తం నింపుకోవడానికి 0.5. వేగం హెచ్చితే ఎక్కువ కోత పడేది ఆ విశ్రాంతికే. ఎడాలు ఎగుడుదిగుడైతే లయ తప్పినట్టే. కాబట్టి డాక్టరుగారి మాట శాస్త్రానికి నిలుస్తుంది. నాకు గిట్టనిది 'గుండె లయ పెరిగింది' అని రాయడం. విశ్రాంతి పెరిగితే గుండె నెమ్మదించాలి గదా! వేగం పెరిగిందనండి, లేదా దడ అనండి. ఇంత చక్కటి మాట ఇంట్లో పెట్టుకుని పొరుగింటికి పోవడమెందుకు? అయితే సంగీతం వాళ్లు కూడా లయను వేగమనే అర్థంలో వాడుతున్నారు, వాడుకను పూర్తిగా కాదనలేను.

తాళం గుండెకు కుదరదు, అది లెక్కపెట్టే మనిషిది. గతి నాడికి చెందిన మాట. ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు (శార్ఙ్గదేవుడు వేరు, కలిపేయకండి) నాడి వాతంలో జలగలా పాములా, పిత్తంలో కాకిలా కప్పలా, కఫంలో హంసలా పావురంలా నడుస్తుందన్నాడు. రగడలనే మన పద్యాలకు తురగవల్గనమనీ (గుర్రపు గంతు) ద్విరదగతి అనీ (ఏనుగు నడక) వృషభగతి అనీ (ఎద్దు నడక) పేర్లు పెట్టినవారిదీ ఈ చూపే.

ఆ వృషభగతి 3+4 మాత్రల (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) నడక. గురజాడ ముత్యాలసరానికి ఆధారం అదే. 'దేశమును ప్రేమించుమన్నా' అన్నది మోకాలి మీద తకిట తకధిమి వేస్తూ చదవండి: దేశ (3), మునుప్రే (4), మించు (3), మన్నా (4). 'ప్రే' వేరే పదం మొదట ఉంది గనుక దాని ముందున్న 'ను' లఘువే. దాన్ని గురువు చేస్తే నాలుగు అయిదవుతుంది, ఎద్దు కుంటుతుంది. బడిపిల్లలు చేసే పొరపాటు మరొకటి: 'దేశమును' అని ఆగుతారు. అక్కడికి అయిదు మాత్రలయ్యాయి, తకధిమి సగంలో తెగింది. మాట విరిగేచోటు వేరు, గణం విరిగేచోటు వేరు.

యతి సంగతి ఇప్పుడు కదపను, అది ఒక ఉత్తరంతో తేలేది కాదు. 'గుండె నడక' అన్నా నాకు ఇష్టమే. మందుల చీటీ మీద ఎవరూ రాయరనుకోండి.