చేతికి బరువు కాని రైఫిల్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: టెక్సాస్‌లో లబ్బాక్ దగ్గర మిత్రుడి రాంచ్‌లో కొయోటీలు మేకపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. కంచె వెంట రెండు మూడు మైళ్లు నడుస్తూ కొట్టాలి. తేలికైన బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగే) రైఫిల్ కావాలి. .17 హెచ్‌ఎంఆర్, .204 రూగర్, .223, .22-250 తూటా రకాల్లో దేనికి సరిపోయే రైఫిల్ కొనాలి?

.223 రెమింగ్టన్ కొనండి. కొయోటీ పాతిక నుంచి నలభై పౌండ్ల జంతువు. .17 హెచ్‌ఎంఆర్‌లో బుల్లెట్ బరువు 17 గ్రెయిన్లే (గ్రెయిన్ అంటే పౌండులో ఏడు వేలో వంతు). గంటకు పది మైళ్ల అడ్డగాలి వంద గజాల్లోనే దాన్ని నాలుగు అంగుళాల దాకా పక్కకు తోస్తుంది. లబ్బాక్‌లో గాలి ఆగే రోజెక్కడిది? కొయోటీ గాయంతో పారిపోతే అది ఎక్కడో నరకం అనుభవించి చస్తుంది. అందుకే .17 హెచ్‌ఎంఆర్‌ను పక్కన పెట్టండి.

.204 రూగర్ 32 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు 4,200 అడుగుల వేగంతో పంపుతుంది. పేలినప్పుడు భుజానికి తగిలే తన్ను చాలా తక్కువ, గుండు ఎక్కడ తగిలిందో స్కోప్‌లోనే కనిపిస్తుంది. ఆ క్యాలిబర్‌కు సన్నటి క్లీనింగ్ రాడ్, బ్రష్ విడిగా కొనాలి, తూటాలు అన్ని షాపుల్లోనూ దొరకవు. .22-250 దూరానికి మంచిదే. కానీ ఎక్కువ తుపాకి మందు కాలుస్తుంది, సన్నటి బ్యారెల్‌ను త్వరగా వేడెక్కిస్తుంది. .223లో 55 గ్రెయిన్ల బుల్లెట్ 3,240 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. రెండు వందల గజాలకు జీరో చేస్తే (అంటే స్కోప్ గురి అక్కడికి సరిచేస్తే) మూడు వందల దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. మీ పనికి అంతకు మించి అక్కర్లేదు.

కొనేముందు బ్యారెల్ ట్విస్ట్ (బుల్లెట్‌ను తిప్పే లోపలి గాడుల మెలిక) అడగండి. 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులున్న బ్యారెల్ 55 గ్రెయిన్ల దాకా బుల్లెట్లను బాగా నిలబెడుతుంది. అంతకంటే పొడవైన, బరువైన బుల్లెట్లు వాడితే గురి కాగితం మీద అడ్డంగా తగిలిన రంధ్రాలు కనిపిస్తాయి. 8 లేదా 9 అంగుళాల ట్విస్ట్ అయితే 40 నుంచి దాదాపు 70 గ్రెయిన్ల దాకా వాడుకోవచ్చు. 7 అంగుళాల ట్విస్ట్‌లో మరీ పల్చటి తొడుగున్న తేలిక బుల్లెట్లు ఆ తిరుగుడుకు గాల్లోనే విచ్చిపోవచ్చు.

టిక్కా టీ3ఎక్స్ లైట్ ఖాళీగా సుమారు ఆరు పౌండ్లు, బోల్ట్ నున్నగా జారుతుంది. రూగర్ అమెరికన్ ప్రెడేటర్ ఆరున్నర పౌండ్ల పైచిలుకు, ధర తక్కువ, స్టాక్ మాత్రం మెత్తటి ప్లాస్టిక్. పాత సీజెడ్ 527 సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే తప్పక చూడండి, చిన్న తూటాల కోసమే చేసిన చిన్న యాక్షన్ (బోల్ట్ ఉండే యంత్రభాగం) అది. ఒక్క జాగ్రత్త: దాని సేఫ్టీ వెనక్కి లాగితే పేలే స్థితి, ముందుకు తోస్తే భద్రం. మిగతా రైఫిళ్లకు ఇది తిరగబడి ఉంటుంది. చేతికి అలవాటయ్యేదాకా చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉంచి సాధన చేయండి.

ఆరు పౌండ్ల రైఫిల్ కొని రెండు పౌండ్ల స్కోప్ పెట్టడం చాలామంది చేసే పని. 3 నుంచి 9 రెట్లు పెద్దది చేసి చూపే 3-9×40 స్కోప్ ఒక పౌండు లోపే వస్తుంది, కొయోటీకి చాలు. రింగుల స్క్రూలు 15-18 అంగుళ-పౌండ్లకు మించి బిగించకండి, గొట్టం నొక్కుకుపోతుంది. ఇంకో మాట: .223 అని రాసి ఉన్న చాంబర్‌లో 5.56 మిలిటరీ తూటాలు వేయకండి, పీడనం హద్దు దాటవచ్చు.

ప్రశ్న: నా తేలిక .223 మొదటి మూడు తూటాలు ఒక అంగుళంలో పెడుతుంది. ఆ తర్వాతవి పైకి, కుడికి జరుగుతున్నాయి. స్కోప్ పాడైందా?

ముందు బ్యారెల్‌ను అనుమానించండి. సన్నటి బ్యారెల్ వేడెక్కగానే లోపలి ఒత్తిళ్ల వల్ల ఒక పక్కకు వంగుతుంది. మూడు కొట్టాక బోల్ట్ తెరిచి ఆపండి. బ్యారెల్‌ను పిడికిట్లో హాయిగా పట్టుకోగలిగినప్పుడే మళ్లీ మొదలుపెట్టండి. అప్పుడు మొదటి చోటే తగిలితే స్కోప్‌కు ఏ లోపమూ లేదు.

తర్వాత రైఫిల్ ఖాళీ చేసి, ఒక డాలర్ నోటును బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య దూర్చి రిసీవర్ (బోల్ట్ ఉండే భాగం) దాకా లాగండి. ఎక్కడైనా తగిలితే అక్కడ స్టాక్ లోపలి అంచును గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దండి. ఇప్పుడు బైపాడ్ (రెండు కాళ్ల ఆధారం) మీద పెట్టి బరువు మోపి మళ్లీ చూడండి. మెత్తటి ప్లాస్టిక్ స్టాక్ అప్పుడే వంగి బ్యారెల్‌ను తాకుతుంది. అలాంటి స్టాక్‌కు ఇసుక సంచిని మ్యాగజైన్‌కు దగ్గరగా పెట్టుకోవడమే మేలు.

జీరో చేసేటప్పుడు పాతిక గజాలతో మొదలుపెట్టండి. వంద గజాలకు పావు అంగుళం కదిపే స్కోప్ మర క్లిక్, పాతిక దగ్గర అంగుళంలో పదహారో వంతే కదుపుతుంది. అంటే అక్కడ ఒక అంగుళం తేడాకు 16 క్లిక్కులు. నాలుగే తిప్పి స్కోప్ పనిచేయడం లేదనుకునేవాళ్లు చాలామంది.

రోజంతా ఒకేచోట కూర్చుని ప్రెయిరీ డాగ్‌లను కొట్టాలంటే ఈ రైఫిల్ తగదు. దానికి లావు బ్యారెల్, తొమ్మిది పది పౌండ్ల బరువు ఉండాలి.

ప్రశ్న: ఇదే .223 తూటాతో అడవి పందుల్ని కొట్టవచ్చా?

వి-మ్యాక్స్ లాంటి వార్మింట్ (చిన్న చీడ జంతువుల) బుల్లెట్‌తో వద్దు. తగలగానే ముక్కలైపోవడానికే అది తయారైంది. పంది భుజం మీది మందపాటి తోలు దగ్గరే పగిలిపోయి లోపలికి దిగదు. 60 గ్రెయిన్లకు పైబడి, విడిపోకుండా దిగే వేట బుల్లెట్ వాడండి, దగ్గర నుంచే కొట్టండి.

ప్రశ్న: హెచ్-1బీ మీద ఉన్నాను. కొనవచ్చా?

నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అందులో ఒక మినహాయింపు, అమెరికాలో జారీ అయిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. టెక్సాస్ లైసెన్సులు ఆగస్టు 31తో ముగుస్తాయి. రైఫిల్ ఇంట్లో ఉండగా లైసెన్స్ గడువు దాటితే చిక్కులో పడతారు. 1971 సెప్టెంబర్ 2న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లకు అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాలి.

ఇక్కడ మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవి పందుల్ని కొట్టడానికి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. గ్రీన్‌కార్డు ఉన్న మిత్రుడు లైసెన్స్ లేకుండానే వస్తాడు. మీకు మాత్రం తుపాకీ ముట్టుకునే హక్కే ఆ లైసెన్స్ వల్ల వస్తుంది కాబట్టి, పందుల వేటకైనా అది ఉండాల్సిందే. డబ్బు కట్టేముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌కు కాగితాలు చూపించండి.