పెద్ద నగరానికి మారుతున్నాం: ఇద్దరు పిల్లలకూ ఒకే బడి తప్పనిసరా?

ప్రశ్న: మావారికి వేరే భాష మాట్లాడే పెద్ద నగరానికి బదిలీ అయింది. మూడు నెలల్లో వెళ్లాలి. అమ్మాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతిలోకి వస్తుంది. బాబుకు ఆరేళ్లు. నగరం అవతలి చివర ఉన్న పేరుమోసిన బడిలోనే ఇద్దరినీ చేర్చాలని ఆయన పట్టుదల. ఆయన ఆఫీసు దగ్గర చూసిన ఇంటి నుంచి ఆ బడికి బస్సులో గంటంపావు పడుతుంది. దగ్గరలో ఉన్న మామూలు బడి చాలునని నేనంటాను. చిన్న బడిలో చదవడం వల్లే తాను నలుగురిలో నోరు విప్పలేకపోయానని ఆయన బాధ. ఈ మాట వచ్చిన ప్రతిసారీ ఇంట్లో గొడవే. అమ్మాయి మాటలు తగ్గించేసింది. ‘ఎలాగూ వెళ్లిపోతున్నాంగా’ అంటూ వయొలిన్ క్లాసు కూడా మానేసింది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఏ బడి అన్నది మీరిద్దరూ ఇంకా తేల్చుకోనేలేదు గానీ, మీ అమ్మాయి మాత్రం తనకున్నవాటిని ఒక్కొక్కటిగా వదులుకోవడం అప్పుడే మొదలుపెట్టింది. పదమూడేళ్ల పిల్ల ఇష్టంగా నేర్చుకుంటున్నదాన్ని మూడు నెలల ముందే మానేసిందంటే, పోగొట్టుకోక తప్పనిదాన్ని తానే ముందుగా వదిలేస్తే బాధ తగ్గుతుందని అనుకుంటోందన్నమాట. అందుకని బడి సంగతిని ఆమె వైపు నుంచి కూడా చూస్తూ మాట్లాడుకుందాం.

ముందుగా మీవారి మాట. ఆయన పట్టుదలను గొప్పలకు పోవడంగా చూడకండి. తాను పడ్డ ఇబ్బంది పిల్లలు పడకూడదన్న ఆరాటం అది, దానికి విలువనివ్వాలి. అయితే ఆయనను ఒక్క ప్రశ్న అడిగి చూడండి: చిన్నప్పుడు తరగతిలో ఏం జరిగి ఉంటే మీరు నోరు విప్పి ఉండేవారు? ఇలా అడిగినప్పుడు పెద్ద భవనం, పెద్ద మైదానం ఉంటే బాగుండేదని చెప్పినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. ఒక టీచరు పేరుపెట్టి పిలిచి ఉంటే, తప్పు చెప్పినా నవ్వకుండా ఉండి ఉంటే అనే ఎక్కువమంది అంటారు. ఆ జవాబు మీవారి నోటి నుంచే వస్తే, మీరిద్దరూ వెతుకుతున్నది ఒకే రకమైన బడి అని తేలుతుంది. అప్పుడు మిగిలేది అది ఎక్కడుందో వెతకడమే.

ఇక ఆ గంటంపావు ప్రయాణం. దీన్ని మాటల్లో వాదించుకోకుండా కాగితం మీద పెట్టి ఇద్దరూ కలిసి చూడండి. బడి ఉదయం ఎనిమిదింటికి మొదలవుతుందనుకుంటే బస్సు ఆరున్నరకల్లా వస్తుంది, పిల్లలు ఐదున్నరకు లేవాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుంచి 10 గంటలు నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. మీ బాబుకు పది గంటలు నిద్ర దక్కాలంటే రాత్రి ఏడున్నరకే పడుకోవాలి, అంటే ఆఫీసు నుంచి తండ్రి ఏ ఎనిమిదింటికో వస్తే ఆయన మొహం చూసే వీలుండదు. రానూ పోనూ రెండున్నర గంటల చొప్పున, ఏడాదికి 200 పనిదినాలే అనుకున్నా 500 గంటలు బస్సులోనే గడుస్తాయి. ఆడుకోవడానికి, కొత్త వీధిలో స్నేహితులను చేసుకోవడానికి, వయొలిన్‌కు దొరకాల్సిన సమయం అందులోనే పోతుంది. ఆ బడి ఎంత మంచిదైనా సరే, ఆరేళ్ల పిల్లవాడిని రోజూ అంతదూరం పంపమని నేను చెప్పలేను.

దీనికి దారి ఉంది, చాలామంది దాన్ని తలకిందులు చేసుకుంటారు. ఆఫీసు దగ్గర ఇల్లు చూసుకుని ఆ తరువాత బడి కోసం వెతుకుతారు. బడి ఖరారయ్యేదాకా ఇంటికి అడ్వాన్సు ఇవ్వకండి. పిల్లల ప్రయాణం అరగంటలోపు ఉండేలా ఇల్లు చూసుకుంటే ఆ దూరమేదో పెద్దవాళ్లు పడవచ్చు. మీవారికి ఆ పేరున్న బడే సరైనదని చూసిన తరువాత కూడా అనిపిస్తే, ఇల్లు అటువైపు తీసుకుని ఆఫీసుకు తానే ప్రయాణం చేయగలరా అని నెమ్మదిగా అడగండి. ఇది ఆయనను ఇరుకున పెట్టడానికి కాదు, ఆ గంటంపావు ఎవరి రోజులోంచి తీస్తున్నామో ఇద్దరికీ కనబడడానికి.

ఇద్దరినీ ఒకే బడిలో వేయాలన్న నియమం కూడా పెట్టుకోవద్దు. 1990లలో అమెరికా ప్రభుత్వం ఐదు నగరాల్లో పేద కుటుంబాలకు మెరుగైన ప్రాంతాలకు మారేందుకు సాయం చేసింది. ఆ పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రెన్, లారెన్స్ కట్జ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2016లో ప్రచురించారు. పదమూడేళ్లలోపు మారినవారికి స్పష్టమైన మేలు కనిపించింది గానీ, అంతకంటే పెద్దవయసులో మారినవారికి అలాంటి మేలు కనిపించలేదు. మీ కుటుంబ పరిస్థితి వేరు కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు మీకు వర్తింపజేయలేం. అయినా ఒకే మార్పు ఆరేళ్లవాడికి ఒకలాగా, పదమూడేళ్ల పిల్లకు మరొకలాగా తగులుతుందన్న మాట నా అనుభవంతోనూ సరిపోతుంది. బాబుకు దగ్గరి బడి, ప్రేమగా చూసే టీచరు ఉంటే చాలావరకు సర్దుకుంటాడు. అమ్మాయి కోసం వెతకాల్సింది ఎక్కువ.

కొత్త భాష విషయంలో మాత్రం బాబును చూసి మోసపోకండి. ఏడాది రెండేళ్లలో వాడు అక్కడి పిల్లలతో గలగలా మాట్లాడేస్తాడు, మీరు నిశ్చింతగా ఉంటారు. కానీ కెనడాలో వలస కుటుంబాల పిల్లలను పరిశీలించిన జిమ్ కమిన్స్, ఆటల్లో వాడే భాష రెండేళ్లలో పట్టుబడినా, పాఠ్యపుస్తకాలు అర్థం చేసుకునే భాష వయసుకు తగ్గట్టు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని 1980ల మొదట్లోనే చెప్పారు. అందుచేత మాట్లాడుతున్నాడు కదా అని మార్కుల దగ్గర మందలించకండి, ఇంట్లో తెలుగు చదవడం, కథలు చెప్పడం ఆపకండి.

బడి చూడడానికి వెళ్లినప్పుడు ఆఫీసు గదిలో చూపించే ఫొటోలతో, ర్యాంకులతో సరిపెట్టుకోకండి. ప్రవేశ పరీక్ష పెట్టి, ముందే బాగా చదివే పిల్లలను ఏరుకునే బడికి మంచి ఫలితాలు రావడంలో ఆశ్చర్యం లేదు. మధ్యస్తంగా చదివే పిల్లలకు అక్కడ ఎలా చెబుతారన్నది ఆ ర్యాంకుల్లో కనబడదు. వీలైతే బడి వదిలే వేళకు వెళ్లి గేటు దగ్గర పదిహేను నిమిషాలు నిలబడండి. టీచర్లు పిల్లలను ఏమని పిలుస్తున్నారో వినండి. ఎవరిదైనా నోటుపుస్తకం చూపించమని అడగండి. ప్రతి పేజీ కింద ఎర్ర టిక్కు మాత్రమే ఉందా, లేక ‘ఈ లెక్క మూడో మెట్టు దగ్గర తప్పింది, మళ్లీ చేసి చూపించు’ వంటి వాక్యం ఎక్కడైనా ఉందా చూడండి. ఆ వాక్యం ఉన్న బడిలో మీ పిల్లను చూసేవాళ్లు ఉన్నట్టే లెక్క. గత ఏడాది ఎంతమంది టీచర్లు మానేశారు, వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి నెలలో ఏం చేస్తారు అని తప్పకుండా అడగండి. రెండో ప్రశ్నకు తడుముకుంటే ఆలోచించాల్సిందే.

పాఠ్యప్రణాళిక సంగతి అమ్మాయి విషయంలో తేలిగ్గా తీసుకోవద్దు. ఇప్పటి గణితం, సైన్సు పుస్తకాల విషయసూచికలు వెంట తీసుకెళ్లి, అక్కడి పుస్తకాలతో పక్కపక్కన పెట్టి, ఏ పాఠాలు ఆమెకు రాలేదో టీచరు చేతే గుర్తు పెట్టించుకోండి. ఈ మూడు నెలల్లో ఆ నాలుగైదు పాఠాలు చదివించడం కష్టమేమీ కాదు. భాషాపాఠాలకు ఏ ఏర్పాటు ఉందో, మినహాయింపు ఏమైనా ఉందో చేర్చకముందే కనుక్కోండి.

ఇదంతా అమ్మాయికి తెలియకుండా జరగకూడదు. కొన్నాళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన పన్నెండేళ్ల పిల్లవాడిని కొత్త బడిలో ఏది బాగుందని అడిగితే ‘బస్సులో కిటికీ పక్క సీటు’ అన్నాడు. ఎందుకంటే అక్కడ ఎవరూ తనతో మాట్లాడమని అడగరట. మార్కులు బాగానే వస్తున్నాయి కాబట్టి ఆరు నెలలపాటు వాడి ఒంటరితనం తల్లిదండ్రుల కంట పడలేదు. మీరిద్దరూ ముందుగా మాట్లాడుకుని, మీకు సమ్మతమైన రెండు బడులను ఎంచి పెట్టుకోండి. ఆ రెంటినీ ఆమెకు చూపించి ‘వీటిలో ఏదైనా మాకు సరే, నువ్వు ఎంచుకో’ అనండి. నిర్ణయం మీ చేతుల్లోనే ఉంచుకుని ‘నీకేది ఇష్టం’ అని పైకి అడగడం కంటే అడగకపోవడమే మేలు, ఆ వయసు పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు. చేరిన తరువాత మొదటి మూడు నెలలు మార్కుల ఊసెత్తకుండా, ఇవాళ అన్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావని అడగండి.

వయొలిన్ క్లాసుకు మాత్రం ఈ వారమే మళ్లీ తీసుకెళ్లండి. బలవంతం చేయకుండా, బయలుదేరే వారందాకా నేర్చుకుందామని చెప్పి, మీరూ వెళ్లి పక్కన కూర్చోండి. ఏ పాఠం దగ్గర ఆపారో మాస్టారి చేత ఒక కాగితం మీద రాయించి తీసుకోండి. కొత్త ఊళ్లో వయొలిన్ నేర్పేవారు ఎక్కడున్నారో బడి వెతికేటప్పుడే వాకబు చేసి, ఆ వివరం అమ్మాయికి చెప్పండి.