అలమరా తాళం ఇంకా మీ కొంగునే ఉంది

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. కూర్మన్నపాలెంలో ఉంటాం. మావారిది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. మా సంఘంలో 19 ఏళ్లుగా సండే స్కూల్ నేనే చూస్తున్నాను. అటు ప్రసంగం జరుగుతుంటే ఇటు వెనక గదిలో పిల్లలకు క్లాసు. మొన్న డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పాస్టర్ గారు కొత్త సంవత్సరం బాధ్యతలు చదివారు. సండే స్కూల్‌ని ఒక డిగ్రీ చదివే అమ్మాయికిచ్చి, నన్ను వారానికోసారి కేజీహెచ్‌లో రోగుల్ని చూడ్డానికి వెళ్లే బృందంలో వేశారు. ముందు ఒక్క మాట అడగలేదు. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. ఇంటికొచ్చి ఏడ్చాను. పందొమ్మిదేళ్ల అనుభవం వృథా అయిందనిపించింది. మావారేమో 'ఇక ఇంటిపట్టున ఉండు' అంటున్నారు. సామాన్ల అలమరా తాళం ఇంకా నా కొంగునే ఉంది. ఇది దేవుని పిలుపనుకుని వెళ్లాలా, మానేయాలా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఆ ఏడుపును గర్వమనుకుని మీరు సిగ్గుపడుతున్నట్టుంది. మొదట్లో మీరు ఒళ్లో కూర్చోబెట్టుకుని పాట నేర్పిన పిల్లల్లో కొందరికి ఈపాటికి పెళ్లిళ్లయి ఉంటాయి. అలాంటి పని ఒక్క రాత్రిలో చేజారితే ఏడుపు రాకపోతేనే ఆశ్చర్యం. పాస్టర్ గారు మైకులో చదివేముందు మీకు ఒక ఫోన్ చేసి ఉండాల్సింది. ఆ మాట ఆయనకే చెప్పండి. స్త్రీల కూటంలో చెబితే అది మూడు వీధులు తిరిగి, మసాలా దట్టించుకుని ఆయన దగ్గరికి చేరుతుంది.

అయితే అడగకపోవడం ఒక సంగతి, ఇచ్చిన పని ఇంకో సంగతి. మీ ఉత్తరంలో రెండూ కలిసిపోయాయి. ఆయన మీద కోపంతో కేజీహెచ్ మానేయొద్దు. ఆయన మెప్పు కోసం వెళ్లనూ వద్దు.

మన ఊరి సంగతే ఒకటి చెబుతాను. 1805లో లండన్ మిషన్ తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని సువార్తల్ని అనువదించే పని మొదలుపెట్టారు. 1809లో క్రాన్, ఆ మరుసటేడే డెస్ గ్రాంజెస్ పోయారు. మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి 1812. అచ్చు పుస్తకాన్ని చేత్తో పట్టుకునే భాగ్యం ఇద్దరికీ దక్కలేదు. పని మాత్రం చేతులు మారి ముందుకు సాగింది. మీకైతే ఒక మంచి అవకాశం ఉంది: మీ తర్వాత వచ్చే మనిషి పక్కనే కూర్చుని అప్పజెప్పొచ్చు.

ఇక ఆసుపత్రి. కొన్నేళ్ల కిందట మా అమ్మ ఓ పెద్దాసుపత్రిలో పన్నెండు రోజులుంది. రెండు రకాల మనుషులు వచ్చారు. ఒకాయన, అమ్మకు అప్పుడప్పుడే నిద్ర పడుతుంటే, మంచం పక్కన నిలబడి గట్టిగా ప్రార్థన చేశాడు. ఫొటో కూడా తీయించుకున్నాడు. ఇంకొకామె ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చి, 'తిన్నావా అమ్మా?' అని నన్నడిగింది. లేదంటే, స్కానింగ్ లైన్లో నా చోట తను నిలబడి నన్ను క్యాంటీన్‌కి పంపింది. ప్రార్థన చేయమంటావా అని వెళ్లేటప్పుడు మెల్లగా అడిగింది. మాది ఏ మతమో అడగలేదు. ఆమె పేరు ఇప్పటికీ నాకు తెలియదు.

కేజీహెచ్‌కి శ్రీకాకుళం, పాడేరు, అరకు నుంచీ, ఒడిశా నుంచీ కూడా వస్తారు. మనిషికి జబ్బొకటి, ఆ చీటీలూ కౌంటర్లూ ఒకటి. రక్తం ఎక్కడివ్వాలో, ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో, ఏ కాగితం జిరాక్సు తీయాలో తెలియక వరండాలో కూర్చుండిపోతారు. పిల్లాడు ఏడవకముందే వాడి మొహం చూసి కనిపెట్టగల మీకు, వాళ్లలో ఎవరు తినలేదో తెలుసుకోవడం కష్టమా? పందొమ్మిదేళ్ల అనుభవం వృథా అయిందని మీరు రాశారు చూడండి, ఆ ఒక్క మాటే నేను ఒప్పుకోను.

జాగ్రత్తలు కొన్ని. ఆసుపత్రి వాళ్ల అనుమతి ఉందో లేదో ముందే పాస్టర్ గారిని అడగండి. రోగి అడిగితేనే ప్రార్థన, అదీ చెవికి వినపడేంత. నర్సును అడగకుండా బిస్కెట్ కూడా ఇవ్వొద్దు, ఆపరేషన్‌కు పస్తున్నవాళ్లుంటారు. మీకు జలుబుంటే ఆ వారం మానేయండి. వాట్సాప్ స్టేటస్‌లో రోగుల ఫొటోలు పెట్టే అలవాటు మీ బృందంలో ఎవరికైనా ఉంటే మొదటిరోజే ఆపించండి.

మీవారి మాటకొస్తే, ఆయన పరిచర్యకు అడ్డొస్తున్నారని నాకనిపించలేదు. డ్యూటీ దిగి వచ్చేసరికి తలుపుకు తాళం వేసి ఉండటం పందొమ్మిదేళ్లు చూసిన మనిషి ఆయన. కూర్మన్నపాలెం నుంచి కేజీహెచ్‌కి బస్సులో పోను గంట పైనే, రాను అంతే. ఆయన షిఫ్టు చార్టు ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. ఏ వారం కుదురుతుందో ఆయన్నే చెప్పమనండి. ఏడాదికి ఒప్పుకోకండి, ఈస్టర్ వరకు చూస్తానని పాస్టర్ గారికి చెప్పండి. జనవరి ఒకటో తారీఖున బీచ్‌రోడ్డులో నడిచేవాళ్లంతా సంక్రాంతి తర్వాత ఉంటారా ఏంటి? ఇంకో కమిటీలో కూడా పేరు రాయమంటే మాత్రం ఈ ఏడాదికి కుదరదనండి.

తాళం సంగతి. వచ్చే ఆదివారం ఆ అమ్మాయి పక్కన కూర్చుని అలమరా తెరవండి. రిజిస్టరు, రంగు పెన్సిళ్లు, క్రిస్మస్ నాటకం కిరీటాలు చూపించండి. ఏ పిల్లకు ఇంట్లో గొడవలో, ఏ బుడ్డోడు పాట పాడమంటే బల్ల కింద దూరతాడో చెప్పండి. రిజిస్టరులో రాసి ఉండనివి అవే. ఆ పైన తాళంచెవి ఆమె చేతిలో పెట్టండి.

ఆ తర్వాతి ఆదివారం ఆ గది వైపు వెళ్లకండి. మీవారికి డ్యూటీ లేకపోతే ఆయనతో కలిసి ముందు వరసలో కూర్చుని ప్రసంగం వినండి. మీరు మొత్తం విని ఎన్నేళ్లయిందో.