చందమామల కోసం యాప్‌లో అప్పా?

విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒకాయన రాశారు. వయసు 54, ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చేది నెలకు 58,000. ఇంటి లోన్ వాయిదా 19,000, ఇంటి ఖర్చు 30,000. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు, చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు నెలనెలా స్టేషన్ స్టాల్‌లో కొని తెచ్చిన చందమామ పిల్లల మాసపత్రికలన్నీ నాని ముద్దయిపోయాయి. ఇప్పుడు ఒకరి దగ్గర 1975 నుంచి 1979 దాకా 60 సంచికల సెట్టు ఉందట, 1,40,000 అడుగుతున్నారట, వారంలో తేల్చమన్నారట. బ్యాంకులో ఉన్నది 40,000. లోన్ యాప్ ఆ 1,40,000 మొత్తాన్నీ 24 శాతం వడ్డీకి, రెండేళ్ల వాయిదాలకు ఇస్తానంటోంది, ధర ఎలాగూ పెరుగుతుంది కాబట్టి పెట్టుబడి కూడా అవుతుంది కదా అని అడుగుతున్నారు.

వద్దు సార్. నెలకు సుమారు 7,400 కట్టాలి, రెండేళ్లలో 1,77,000 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. మీకు నెలాఖరుకు మిగిలేదే 9,000. అందులో ఇది పోతే 1,600తో ఏ ఖర్చుకు తట్టుకుంటారు?

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది చందమామలు కాదు, మధ్యలో మీరు మామూలుగా రాసేసిన ఒక్క వాక్యం. వరద తర్వాత వైరింగు, ఫ్రిజ్, మంచాలు, బండి రిపేరు అన్నీ ఎఫ్‌డీ బ్రేక్ చేసి చేయించుకున్నారు. మంచిదే, ఆ డబ్బు ఉన్నది అందుకే. కానీ ఆ ఎఫ్‌డీని మళ్లీ నింపలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. ఆపద గడిచిపోగానే ఊపిరి పీల్చుకుని, పోయినవి తిరిగి కొనుక్కోవడం మొదలుపెడతారు, ఖాళీ అయిన అత్యవసర నిధి మాత్రం అలాగే ఖాళీగా ఉండిపోతుంది. మీకు నెలకు 49,000 కావాలి, ఆరు నెలలకు 2,94,000. ఉన్నది ఒక్క నెలకు కూడా చాలదు. 54 ఏళ్ల వయసులో ఉద్యోగానికి ఏమైనా అయితే మళ్లీ దొరకడానికి ఎన్ని నెలలు పడుతుందో మీకు తెలుసు, పైగా అమ్మాయి చదువు ఇంకా అవలేదు.

పెట్టుబడి అనే మాట పక్కన పెట్టండి. పాత చందమామకు ఖాయమైన ధర లేదు, కావలసినవాడు తగిలినప్పుడు వచ్చిందే ధర. అట్ట ఊడినా, మధ్య పేజీలు పోయినా, సీరియల్ కోసం బైండు చేయించి అంచులు కోసేసినా ధర బాగా పడిపోతుంది. అసలు మీరు వాటిని అమ్ముతారా? నాన్నగారి గుర్తు కదా, అమ్మరు. అమ్మనిది లాభం ఎలా ఇస్తుంది? బంగారం తాకట్టు, పీఎఫ్ డబ్బు, క్రెడిట్ కార్డు వాయిదాలు, దేనికైనా నా జవాబు ఇదే.

ఆ కోరిక చిన్నదని నేను అనను. కొడవటిగంటి కుటుంబరావుగారు చందమామ సంపాదకుడిగా ఉన్న కాలం, లోపల చిత్రా, శంకర్ బొమ్మలు, నెలనెలా చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకునే విక్రమార్కుడు. నాన్న పక్కన కూర్చుని చదివినవాడికి అవి ఉత్త కాగితాలు కావు. కానీ నాన్నగారితో కలిసి చదివినట్టు మీకు బాగా గుర్తున్న సంచికలు రెండో మూడో ఉంటాయి. వాటినే వెతకండి. మీ ఊళ్లోనే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులున్నాయి, హైదరాబాద్ వెళ్తే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది. నెలకు 1,000 దీనికి, 8,000 నిధికి. అలా అయితే రెండేళ్ల ఎనిమిది నెలల్లో ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది, బోనస్ కలిపితే ఇంకా ముందే. కొన్నవాటికి సెల్లో టేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి, ఈసారి కింది అరలో పెట్టకండి.

ఇంటి బీమా పత్రం ఒకసారి తీసి చూడండి, బిల్డింగ్‌కే ఉందా, ఇంట్లో సామానుకు కూడా ఉందా అని.

యాప్‌లో ఇప్పటికే దరఖాస్తు పెట్టేసి ఉంటే ఈరోజే రద్దు చేయండి. డబ్బు ఖాతాలో పడిపోయినా, ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు, అంటే లోన్ వద్దనుకుని వెనక్కి ఇచ్చేసే గడువు, ఉంటుంది, ఆలోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఎన్ని రోజులో మీ లోన్ అగ్రిమెంట్‌లో రాసి ఉంటుంది, ఆలస్యం చేయకుండా చూసుకోండి.