అకిలీస్ అలిగాడా, ఆగ్రహించాడా?

సందేహం: ట్రాయ్ నగరంతో గ్రీకుల యుద్ధాన్ని చెప్పే హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్. ఆ కథను తెలుగులో చెబుతూ ఒకరు గ్రీకు వీరుడి గురించి ‘అకిలీస్ అలిగి యుద్ధం మానేశాడు’ అని రాశారు. అలక చిన్నపిల్లలకూ కొత్త అల్లుళ్లకూ చెల్లుతుంది గానీ, అంతటి వీరుడికి తగుతుందా?

సమాధానం: తగుతుంది. ‘అలుగు’ క్రియను మన కవులు చిన్నచూపు చూడలేదు. ‘అలుగుటయే యెరుంగని మహామహితాత్ము డజాతశత్రుడే యలిగిననాడు’ అంటూ తిరుపతి వేంకట కవుల కృష్ణుడు కౌరవసభను హెచ్చరించింది ధర్మరాజు కోపం గురించే. సాగరాలన్నీ ఏకమయ్యేంత కోపం అది. బరువు తగ్గింది ‘అలక’ అనే నామవాచకానికి. ఆ మాట వినగానే సత్యభామ, అలకపాన్పు ఎక్కిన పెళ్లికొడుకు గుర్తొస్తారు. కాబట్టి ‘అకిలీస్ అలిగాడు’ అనవచ్చు, ‘అకిలీస్ అలక’ మాత్రం తేలిపోతుంది.

అలగాలంటే ఎదుటివాడు మనవాడై ఉండాలి. అగమెమ్నాన్ శత్రువు కాదు, సొంత సేనకు నాయకుడు. తనకు దక్కిన బందీని, అంటే అపోలో దేవుడి పూజారి కూతురిని, తిరిగి ఇవ్వవలసి వచ్చి, ఆ లోటుకు అకిలీస్‌కు దక్కిన బందీ బ్రైసీస్‌ను లాక్కుంటానన్నాడు. అకిలీస్ కత్తి దూస్తుంటే ఎథీనా దేవత వెనక నుంచి జుట్టు పట్టి ఆపింది. ఆమె మరెవరికీ కనబడలేదు. కత్తిని ఒరలోకి తోసి, నోరారా తిట్టి, బంగారు చీలలు దిగ్గొట్టిన రాజదండాన్ని నేలకు విసిరికొట్టి, చివరికి తన ఓడల దగ్గరే ఉండిపోయాడు. దీన్ని మనం అలగడమే అంటాం.

అయితే అలిగినవాడు బతిమాలితే దిగివస్తాడు. 9వ సర్గలో అగమెమ్నాన్ దూతగా ఒడిస్సియస్ వచ్చి బ్రైసీస్‌తో పాటు 10 టాలెంట్ల (టాలెంట్ ఆనాటి తూకం) బంగారం, 12 పందెపు గుర్రాలు, ఇంకా ఎన్నో ఇస్తామన్నా అకిలీస్ కదల్లేదు. అక్కడ ‘ఆగ్రహం’ కావాలి. హోమర్ కావ్యాన్ని మొదలుపెట్టిన ‘మేనిస్’ అనే మాట కూడా ఎక్కువగా దేవతల కోపానికి వాడేదే. గ్రీకు సేన మీదికి మహమ్మారిని పంపిన అపోలో కోపమూ మేనిస్సే. మనకు ఆగ్రహం అనుగ్రహానికి జోడు. సంస్కృతంలో దానికున్న పట్టుదల అనే అర్థం కూడా ఇక్కడ కలిసివస్తుంది.

ప్రాణమిత్రుడు పాట్రోక్లస్‌ను ట్రాయ్ వీరుడు హెక్టర్ చంపాక, అతని మీద అకిలీస్‌కు రేగింది పగ. హెక్టర్ శవాన్ని రథానికి కట్టి ఈడ్చిన ఘట్టానికి ఆగ్రహం కూడా చాలదు. ట్రాయ్ మీద దేవతల రాణి హెరాదీ పగే. అదే హెరా, అకిలీస్ తల్లి థెటిస్‌తో చాటుగా ఏం మంతనాలు చేశావని తన భర్త, దేవతల రాజు జ్యూస్‌ను నిలదీసిన చోట ‘కలహం’ అని రాయండి. ఎందుకంటే అది నవ్వులతోనే ముగిసింది: హెరా కొడుకు హెఫెస్టస్ పానపాత్రలు అందిస్తూ హడావిడిగా తిరుగుతుంటే దేవతలు పగలబడి నవ్వి, పొద్దుగూకే దాకా విందు సాగించారు.