రాజకాలువ పూడ్చేశారు, రాత్రంతా టిప్పర్లు: పిల్ ఒక్కటే దారా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. బెంగళూరులో కె.ఆర్.పురం అవతల ఒక లేఅవుట్‌లో సొంత ఇంట్లో ఉంటున్నాం. మా రోడ్డు 30 అడుగులు. దాని చివర మొన్నటిదాకా రాగులు పండిన 4 ఎకరాల్లో ఇప్పుడు మూడు టవర్లు లేస్తున్నాయి, ఒక్కోటి 14 అంతస్తులట. ఐదు నెలలుగా అర్ధరాత్రి దాటినా టిప్పర్లు, కాంక్రీటు లారీలు తిరుగుతూనే ఉన్నాయి. ఇల్లంతా దుమ్ము. చెరువులోకి పోయే రాజకాలువను (వాననీటి కాలువ) సైటులో తవ్విన మట్టితో సగం పూడ్చేశారు, వాన పడితే నీళ్లు మా వీధిలోకే. అడిగితే, "అన్ని పర్మిషన్లూ ఉన్నాయి. మీ ఇళ్లే బి ఖాతా, మీరు మమ్మల్ని అడిగేదేంటి" అంటున్నారు. హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేయడం తప్ప దారి లేదని మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ బి ఖాతా భయం తీసేద్దాం. ఖాతా అనేది మీ ఇంటి పన్నుకీ రికార్డుకీ సంబంధించింది; అనుమతులన్నీ సరిగ్గా ఉన్నదానికి ఎ, లేనిదానికి బి. పక్క సైటు దుమ్ము మీద, పూడిన కాలువ మీద ఫిర్యాదు చేయడానికి ఏ చట్టమూ ఎ ఖాతా అడగదు. నష్టపోయిన మనిషి ఎవరైనా పర్యావరణ వివాదాలు తేల్చే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, అద్దెకున్నవాళ్లు కూడా. మిమ్మల్ని నోరెత్తకుండా చేయడానికి అన్న మాట అది.

ఇక పిల్. అది చివరి మెట్టు. పిల్ వేసిన రోజే హైకోర్టు రెండు మాటలు అడుగుతుంది: ఏ అధికారికి అర్జీ ఇచ్చారు, హరిత ట్రిబ్యునల్ ఉండగా ఇక్కడికెందుకొచ్చారు. రెంటికీ జవాబు లేకపోతే మొదటి వాయిదాలోనే వెనక్కి పంపవచ్చు. అసలు మీరు ఒకటే అనుకుంటున్న సమస్య నిజానికి మూడు రకాలు, మూడింటికీ వేరువేరు గుమ్మాలు. రాత్రి చప్పుడు పోలీసులది. దుమ్ము, కాలువ, పర్యావరణ అనుమతి హరిత ట్రిబ్యునల్ పరిధి. రోడ్డు వెడల్పు, అంతస్తుల లెక్క టౌన్ ప్లానింగ్‌ది, అంటే మీ నగర పాలికెది (నగరపాలక సంస్థది). 2025 సెప్టెంబరు 2 నుంచి బీబీఎంపీ లేదు, దాని స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు నగర పాలికెలు వచ్చాయి కాబట్టి పాత పేరు మీద అర్జీ రాయకండి. కర్ణాటక టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం ట్రిబ్యునల్ చట్టంలోని షెడ్యూల్‌లో లేదు. అందుకే "రోడ్డు చిన్నది, టవర్ పెద్దది" అని ట్రిబ్యునల్‌లో ఎంత వాదించినా గాలికి పోతుంది. అన్నీ కలిపి ఒకే కాగితం రాసి ముఖ్యమంత్రి నుంచి కమిషనర్ దాకా పది మందికి పంపేవాళ్లు చాలామంది. ప్రతి ఆఫీసూ దాన్ని పక్క ఆఫీసుకి తోసేస్తుంది, ఆరు నెలలు తిరిగేసరికి చేతిలో పది రసీదులు తప్ప ఏమీ మిగలదు.

ఆ ఆరు నెలలే మీ కేసులో ప్రాణం. ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద అర్జీని, వివాదానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలల్లోపు వేయాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, అంతే. ఐదు నెలలుగా జరుగుతోందని మీరే రాశారు, అంటే మీకు మిగిలింది ఒక నెల. "రోజూ జరుగుతూనే ఉంది కదా, రోజూ కొత్త కారణమే" అన్న వాదన ఉంది గానీ, చట్టంలో ఉన్నది 'మొదట' అన్న మాట, దాని మీద ఆధారపడి కూర్చోవద్దు. కాలువను తిరిగి మునుపటిలా చేయించడానికి, నష్టపరిహారానికి సెక్షన్ 15 ఉంది, దానికి గడువు 5 ఏళ్లు. కాబట్టి అర్జీలో కాలువ పునరుద్ధరణను సెక్షన్ 15 కింద విడిగా అడగండి. ఒకవేళ 14 కింద గడువు దాటిందని తేల్చినా అది నిలబడుతుంది. మూడోది సెక్షన్ 16. బిల్డరుకి పర్యావరణ అనుమతి ఇచ్చి ఉంటే దాని మీద అప్పీలుకి 30 రోజులు, ఆపైన గరిష్ఠంగా 60 రోజులు. ఈ 90 దాటితే క్షమించే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. అనుమతి వెబ్‌సైట్‌లో పెట్టిన రోజో, పత్రికలో ప్రకటన వచ్చిన రోజో, ఏది ముందైతే అక్కడి నుంచి లెక్క మొదలు. మీరు చూసిన రోజు నుంచి కాదు.

ఆ అనుమతి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే పర్యావరణ అనుమతి లేకుండా పునాది కూడా తవ్వకూడదు. ఇక్కడ విస్తీర్ణమంటే సెల్లారు, సర్వీసు ఏరియాలతో సహా అన్ని అంతస్తుల మొత్తం. ఎఫ్‌ఏఆర్ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే నిష్పత్తి) లెక్కలో సెల్లారు పార్కింగ్ తీసేస్తారు కదా అని ఇక్కడా తీసేసి చూపించడం మామూలే. మీ సైటు లెక్క కట్టండి: ఒక్కో టవర్‌లో అంతస్తుకి 600 చ.మీ. అనుకున్నా, 3 టవర్లు, 14 అంతస్తులకి 25,200 చ.మీ. అవుతుంది, సెల్లారు అదనం. అంటే అనుమతి కావాల్సిందే. ఫేజ్ 1, ఫేజ్ 2 అని విడగొట్టి ఒక్కోదాన్ని 19 వేల చిల్లర దగ్గర ఆపేసే రకం కూడా ఉంది. కర్ణాటక రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కొట్టి రెండు ఫేజ్‌ల సర్వే నంబర్లూ, గేటూ, క్లబ్ హౌసూ ఒకటేనేమో చూడండి. ఒకటే అయితే అది ఒకే ప్రాజెక్టు అని వాదించడానికి ఆ పేజీలే చాలు. అనుమతి పత్రాలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి, డబ్బు కట్టి అడగక్కర్లేదు. అనుమతి ఉంటే అందులోని షరతులు ప్రింటు తీసుకోండి. ప్రతి ఏడూ జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల అమలుపై బిల్డరు రిపోర్టు ఇవ్వాలి, మీ ఫొటోల పక్కన ఆ రిపోర్టు పెడితే చాలాసార్లు అబద్ధం అక్కడే బయటపడుతుంది. బహిరంగ విచారణ పెడతారు, అప్పుడు చెబుదాం అని మాత్రం కూర్చోకండి. భవన నిర్మాణ ప్రాజెక్టులకి అది మినహాయించారు.

అనుమతే లేకపోతే "సుప్రీంకోర్టు కొట్టేసిందిగా, ఇక కట్టలేరు" అని ఎవరైనా చెప్పొచ్చు. పని మొదలెట్టాక వెనకటి తేదీతో అనుమతులివ్వడం చెల్లదని 2025 మే 16న సుప్రీంకోర్టు అన్నమాట నిజమే. కానీ అదే ఏడు నవంబరు 18న 2:1 మెజారిటీతో ఆ తీర్పుని వెనక్కి తీసుకుంది. మీ అర్జీని దాని మీద నిలబెట్టొద్దు.

కాలువ దగ్గర ఇంకో పాత లెక్క చలామణిలో ఉంది: చెరువు నుంచి 75 మీటర్లు వదలాలని. హరిత ట్రిబ్యునల్ 2016 మే 4న అలా చెప్పింది, 2019 మార్చి 5న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఇప్పటికీ వాట్సాప్‌లో తిరిగే అర్జీల నమూనాల్లో ఆ 75 ఉంటుంది. అది చూడగానే అవతలి వకీలుకి పండగ. ఆ తీర్పు తర్వాత నిలిచింది 2015 మాస్టర్ ప్లాన్ కొలతలు: చెరువు అంచు నుంచి 30 మీటర్లు, రాజకాలువలకి మధ్య గీత నుంచి అటూ ఇటూ ప్రైమరీకి 50, సెకండరీకి 25, టెర్షియరీకి 15 మీటర్లు. చెరువు సైజుని బట్టి బఫర్ (కట్టకుండా వదలాల్సిన దూరం) మార్చే సవరణ బిల్లు 2025లో శాసనసభ దాటింది కాబట్టి అర్జీ వేసే రోజున ఏ కొలత అమల్లో ఉందో మీ వకీలు చూసుకోవాలి. ఇక్కడ మోసం ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది. సెకండరీ కాలువని టెర్షియరీగా చూపిస్తారు, దాంతో ఒక్కో పక్క 10 మీటర్లు కలిసొస్తాయి. లేదా మధ్య గీత నుంచి కొలవాల్సింది, పూడ్చి సన్నం చేసిన కాలువకి కొత్త మధ్య గీత వేసి కొలుస్తారు. అందుకే పాత రెవెన్యూ గ్రామ నకాశె (పటం) కావాలి, అందులో కాలువ ఎంత వెడల్పుతో ఎక్కడికి పోతుందో గీసి ఉంటుంది. కర్ణాటక ప్రభుత్వ భూపటాల దిశాంక్ యాప్‌లో సర్వే నంబరు మీద నిలబడి చూస్తే మొదటి అంచనా వస్తుంది, అది సాక్ష్యం కాదు. పహాణీలో (భూమి రికార్డు) ఆ సర్వే నంబరుకి ఎదురుగా బి ఖరాబు (కాలువ, దారి లాంటి వాటికి వదిలిన భూమి) ఎంత ఉందో చూసి, దాన్ని కొలిచి స్కెచ్ ఇమ్మని తహసీల్దారుకి అర్జీ ఇవ్వండి. బి ఖరాబు ప్రభుత్వానిది, బిల్డరు కొన్నది కాదు.

దుమ్ము సంగతి క్లుప్తంగా. 2018 జనవరి 25 నాటి నిబంధనల ప్రకారం సైటు చుట్టూ భవనం ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా 10 మీటర్లు, గాలి అడ్డు కట్టాలి. 14 అంతస్తులకి 10 మీటర్లూ కట్టాల్సిందే, ఆరడుగుల రేకులు చాలవు. మట్టి లారీ మీద పట్టా కప్పాలి, సైటుకి పోయే దారి తారు వేసి ఉండాలి, నీళ్లు చల్లాలి. ఏది లేదో రాసి కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి స్టాంపు వేయించుకోండి.

రాత్రి చప్పుడుకి మీరు ఇవాళే మొదలుపెట్టొచ్చు. శబ్ద కాలుష్య నియమాలు, 2000లోని నియమం 5ఎ ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. దీనికి డెసిబెల్ మీటరు అక్కర్లేదు. నియమం 7 చూస్తే, పగలైతే 55 డెసిబెల్స్ పరిమితిని 10 మించితేనే ఫిర్యాదు, రాత్రి ఆంక్ష ఉల్లంఘిస్తే మాత్రం ఆ ఉల్లంఘనే చాలు. 112కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, మర్నాడు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి డీసీపీకి నకలు పంపండి. మూడు నాలుగు రాత్రుల నంబర్లుంటే చాలు, అవే తర్వాత ట్రిబ్యునల్‌లో మీకు తేదీల సాక్ష్యం. ఓవర్‌లోడ్ టిప్పర్లని ట్రాఫిక్ పోలీసుల దృష్టికి విడిగా తీసుకెళ్లండి. మోటారు వాహనాల చట్టం 194 కింద 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకీ 2,000 జరిమానా. లారీ యజమానికి ఇది తగిలినంతగా వేరేదేదీ తగలదు.

రోడ్డు. 30 అడుగులంటే సుమారు 9.1 మీటర్లు. ఎత్తైన భవనం ముందు రోడ్డు 12 మీటర్లకి తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఎఫ్‌ఏఆర్ కూడా రోడ్డు వెడల్పుని బట్టే. మరి ప్లాన్ ఎలా మంజూరైంది? ప్లాన్‌లో రోడ్డుని 12 మీటర్లని చూపించి ఉండొచ్చు, లేదా వేరే వైపు దారి ఉండొచ్చు. ఊహించుకోకుండా కాగితం తెప్పించండి. సమాచార హక్కు దరఖాస్తుకి 10 రూపాయలు, గడువు 30 రోజులు. కర్ణాటక నియమాల్లో ఒక దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటల్లోపే ఉండాలి. ఇది తెలియక నాలుగు పేజీలు రాసి తిరస్కరణ తెచ్చుకునేవాళ్లెందరో. కాబట్టి ఒకటి టౌన్ ప్లానింగ్‌కి (మంజూరైన ప్లాన్, రోడ్డు కొలిచిన స్కెచ్), ఒకటి కాలుష్య మండలికి (నిర్మాణానికిచ్చిన సమ్మతి), ఒకటి వాననీటి కాలువల విభాగానికి (కాలువ సర్వే స్కెచ్). మంజూరైన ప్లాన్ నకలు సైటులో అందరికీ కనిపించేలా పెట్టాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆదేశించింది. గేటు దగ్గర లేకపోతే లేని గేటునే ఫొటో తీయండి. ప్లాన్‌లో తేడా తేలితే నగర పాలికెకి ఫిర్యాదు, వాళ్లు కదలకపోతే అప్పుడు హైకోర్టులో రిట్. మీ ప్రెసిడెంటు గారి మాట ఆ ఒక్క భాగానికి సరిపోతుంది. ఒక్కటే జాగ్రత్త: ఆర్‌టీఐ జవాబు కోసం ట్రిబ్యునల్ గడువు పోగొట్టుకోవద్దు, చేతిలో ఉన్నదానితో వేసి మిగతావి తర్వాత జతచేయండి.

సాక్ష్యం విషయంలో: తేదీ, సమయం, జీపీఎస్ పడేలా ఫొటోలు తీయండి, తీసిన ఫోన్‌ని అమ్మకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ మీద సంతకం చేయాల్సింది ఆ ఫోన్ మనిషి, ఒక నిపుణుడు; వాట్సాప్‌లో ఫార్వర్డ్ అందుకున్నవాళ్లు కాదు. టిప్పర్లకి అడ్డంగా కుర్చీలేసుకుని కూర్చోవద్దు. అది భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 126 కింద మీ మీదే కేసవుతుంది, నెల రోజుల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. లంచం తిన్నారని గ్రూపులో రాయకండి. అధికారికిచ్చే ఫిర్యాదులో సద్బుద్ధితో రాసిన మాటకి చట్టం రక్షణ ఇస్తుంది, గ్రూపులో రాసిన దానికి ఆ రక్షణ దొరకడం కష్టం.

అర్జీ చెన్నైలోని దక్షిణ మండల బెంచికి వెళుతుంది. ఆన్‌లైన్‌లో వేయొచ్చు. పరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు. అసోసియేషన్ రిజిస్టరు కాకపోతే దాని పేరు మీద వేయకండి, వీధిలో ఇద్దరు ముగ్గురు సొంత పేర్లతో వేయండి. కన్నడ కాగితాలకి ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. మొదటి వాయిదాలో అడగాల్సింది రెండే: కాలువలో ఇంక మట్టి పోయకుండా మధ్యంతర ఉత్తర్వు, సైటు చూడడానికి సంయుక్త కమిటీ. మామూలుగా కాలుష్య మండలినీ, జిల్లాధికారినీ కలిపి కమిటీ వేస్తారు, దాని రిపోర్టు మీదే కేసు నడుస్తుంది. వాళ్లు సైటుకొచ్చే రోజు మీలో ఇద్దరు అక్కడ ఉండాలి, గ్రామ నకాశె, ఫొటోలు చేతిలో పట్టుకుని. కాలువ ఒరిజినల్ గట్టు ఎక్కడుండేదో చూపించి, టేపుతో కొలిచి, ఆ కొలతని వాళ్ల పంచనామాలో రాయించండి. మీరు రాకపోతే అక్కడ దారి చూపించేది బిల్డరు సైటు ఇంజినీరే, రిపోర్టూ అలాగే వస్తుంది.