నవ్వు ఎవరి మీద?

ప్రశ్న: జాఁ-జాక్ అనో దర్శకత్వం వహించిన ‘బ్లాక్ అండ్ వైట్ ఇన్ కలర్’ చూశాను. మనుషులు చనిపోతున్న మొదటి ప్రపంచ యుద్ధాన్ని చూపిస్తూ ప్రేక్షకులను నవ్వించడం సబబేనా? యుద్ధం మొదలైన సంగతి ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసదారులకు నెలల తరబడి తెలియకపోవడం నమ్మదగినదేనా? ఫ్రెంచి దర్శకుడి చిత్రానికి పశ్చిమ ఆఫ్రికా దేశమైన ఐవరీ కోస్ట్ తరఫున ఆస్కార్ ఎలా వచ్చింది?

జవాబు: చివరి ప్రశ్నకు సమాధానం చిన్నదే. 1976 నాటి ఈ చిత్రాన్ని ఐవరీ కోస్ట్‌లో తీశారు, నిర్మాణంలోనూ ఆ దేశానికి భాగం ఉంది. ఆ దేశమే పోటీకి పంపగా, 1977లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా బహుమతి అందుకుంది.

అప్పట్లో జర్మన్ వలసగా ఉన్న కామెరూన్ సరిహద్దుల్లో పోరు 1914 ఆగస్టులోనే మొదలైంది కనుక, చిత్రంలోని ఫ్రెంచివారికి 1915 దాకా కబురు అందకపోవడం కథ కోసం సాగదీసిందే. అయితే ఆధారం లేని ఊహ మాత్రం కాదు: 1918 నవంబర్ 11న ఐరోపాలో యుద్ధం ఆగినా, తూర్పు ఆఫ్రికాలోని జర్మన్ సేనాని లెట్టో ఫోర్‌బెక్‌కు ఆ సంగతి రెండు మూడు రోజుల తర్వాత గానీ తెలియలేదు, ఆయన ఆయుధాలు అప్పగించింది నవంబర్ 25న.

ఇక నవ్వు సంగతి. పాత పత్రికలు చేరేదాకా పొరుగు జర్మన్లకు సరుకులు అమ్ముకున్న ఫ్రెంచి దుకాణదారులు, అవి చదవగానే దేశభక్తులైపోయి, ఆఫ్రికన్ యువకులను పోగుచేసి జర్మన్ స్థావరం మీదికి తోలి, తాము మాత్రం భార్యలతో, భోజనాల బుట్టలతో వనభోజనానికి వెళ్లినట్లు పోరు చూడటానికి బయలుదేరుతారు. మనం నవ్వేది ఆ బుట్టలను చూసి, ఆ నిశ్చింతను చూసి. అవతల మరతుపాకులు మోగి, ముందుకు తోలిన యువకులు నేలకూలుతున్నప్పుడు దర్శకుడు మనల్ని నవ్వించడు. పాద్రీని మోస్తున్న కూలీలు ఆయన బరువునూ, పాదాల కంపునూ ఎగతాళి చేస్తూ పాడుకుంటుంటే, అర్థం తెలియని ఆయన ఆ పాటకు మురిసిపోతాడు. అక్కడ నవ్వే హక్కు కూలీలకే దక్కింది. అందుకే ఈ హాస్యం సబబేనని నా దృఢమైన అభిప్రాయం.

నా అసంతృప్తి మరొకటి ఉంది. ఆఫ్రికాలో జరిగిన ఆ యుద్ధంలో మూటలు మోసినవారు తిండి చాలక, జ్వరాలతో, విరేచనాలతో వేల సంఖ్యలో చనిపోయారు. వలసదారుల్లో ఒక్కొక్కరి స్వభావాన్నీ ఓపికగా చెక్కిన ఈ చిత్రం, బలవంతంగా పట్టుకొచ్చిన యువకుల్లో ఒక్కరి ఇంటినైనా, భయాన్నైనా అంత దగ్గరగా చూపి ఉండవలసింది.